సముద్రంలో కొర్రమీను

ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఇంకో నలుగురు పెట్టెలు సర్దుకుని బయల్దేరతారు. అక్కడి లాడ్జీలవాళ్ళకి ఆ మేలు నా చేత్తో చెయ్యడం నాకిష్టం లేదు. సముద్రం ఉంది, ఇసుక ఉంది, బొమ్మలు గీసేవాళ్ళ వీధి ఒకటి ఉంది, ఈ మూడూ చూపించి బతికే జనం ఉన్నారు. అంతవరకు తెలిస్తే చాలు. బిలాస్‌పూర్‌లో సాయంత్రం బండెక్కితే తెల్లారి పొద్దెక్కేసరికి అక్కడ దిగవచ్చు. రైల్వేవాళ్ళకి పాసు ఉంటుంది, దిగడానికి రైల్వేవాళ్ళదే హాలిడే హోమ్ ఉంటుంది, అంచేత మా కాలనీలో సగం మంది ఏడాదికోసారి ఆ ఊరు వెళ్ళి తడిసి రావడం ఒక మొక్కులాగా పెట్టుకున్నారు. మేమూ వెళ్ళేవాళ్ళం. తరవాత చాలా ఏళ్ళు నేను అటు తిరిగి చూడలేదు. మొన్న మా ఆయన ఆఫీసువాళ్ళు అందరూ కలిసి వెళ్దామంటే కాదనలేక వెళ్ళాను.

మెడలో మైకు వేలాడేసుకున్న గైడు మమ్మల్నందరినీ ఒక హోటలు గోడ ముందు నిలబెట్టాడు. గోడ నిండా బొమ్మ. ఆకాశం, పడవలు, గుడి, కింద నీలం సముద్రం, ఆ సముద్రంలో పాము తలకాయా ఒళ్ళంతా మచ్చలూ ఉన్న పొడుగాటి చేప. గైడు దాన్ని కర్రతో చూపిస్తూ హిందీలో అందుకున్నాడు. ఆ చేప వాళ్ళ సముద్రంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదట. ఆరు తరాల కిందట వాళ్ళ ఊరి చిత్రకారుడికి దేవుడు కల్లో కనిపించి మరీ చూపించాడట. అప్పట్నించి ఆ చేప లేనిదే ఆ ఊళ్ళో బొమ్మ పూర్తి కాదట. మా ఆయన ఆఫీసువాళ్ళు చేతులు జోడించినంత పని చేశారు. నాకు నవ్వు ఆగలేదు. ఆ తరవాత ఒళ్ళు మండింది. గైడు చేతిలోంచి మైకు తీసుకుని, "ఈ చేపని గీసింది మా అత్త. పేరు పార్వతి. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో కూర్చుని గీసింది. ఇది సముద్రం చేప కాదు, కొర్రమీను. చెరువుల్లో బురదలో ఉంటుంది" అని వాడి హిందీలోనే చెప్పాను. అందరూ ఘొల్లున నవ్వారు. "మేడమ్ గారు భలే సరదా మనిషి" అని గైడు కూడా నవ్వి, మైకు లాక్కుని, మమ్మల్ని గవ్వల దుకాణంవైపు తోలుకుపోయాడు.

మా పార్వతత్త నాన్నకి చెల్లెలు. కొత్త రాష్ట్రం వచ్చి, బిలాస్‌పూర్‌కి రైల్వే జోను వచ్చి, ఊరంతా ఉన్నట్టుండి తనని తాను పెద్ద పట్నం అనుకోవడం మొదలెట్టిన రోజులవి. నాన్న గూడ్సు గార్డు. మాది రెండు గదుల క్వార్టరు, వెనకాల పెంకుటి వంటిల్లు, దాని పక్కన జామచెట్టు. అందులో నాన్న, అమ్మ, నేను, అత్త, శ్రీకాకుళంవైపు సముద్రపొడ్డు పల్లెలో పుట్టి తాతతోపాటు ఇక్కడికొచ్చి పడ్డ మా మామ్మ. అప్పటికి అత్తకి పెళ్ళీడు దాటిందని కాలనీ అంతా తీర్మానించేసింది. చూడ్డానికొచ్చినవాళ్ళు ఉప్మా తిని వెళ్ళిపోయేవారు. అమ్మ ప్రతిసారీ జీడిపప్పు వేసి చేసేది. ఆ జీడిపప్పులు ఏరుకు తిని వెళ్ళినవాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తే. వాళ్ళలో ఒక్కడూ మా అత్త కాలిగోటికి సరిపోడు.

మామ్మ తెల్లవారకుండానే లేచి చుట్ట వెలిగించుకునేది. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఆవిడకి చిన్నప్పట్నించీ అలవాటు. అది చూసి ఉత్తరాది ఇరుగుపొరుగులు ఎంత విడ్డూరపడ్డా లెక్కచేసేది కాదు. నోట్లో నిప్పు పెట్టుకునే మాట్లాడేది, బియ్యం ఏరేది, నాకు జడలు వేసేది. యార్డులో బొగ్గు వ్యాగన్లనుంచి వచ్చే నుసి, సిగిడీ కుంపటి పొగ, మామ్మ చుట్ట పొగ, నాన్న డ్యూటీనుంచి తెచ్చే నూనె వాసన, ఇవన్నీ కలిసి మా ఇంటి గాలి. అందులోకి ఇంకొకటి తోడైంది. అత్త బొమ్మల గుడ్డకోసం ఉడకబెట్టే చింతగింజల జిగురు. రెండు రోజులు నానేసిన గింజల్ని రుబ్బి ఉడికిస్తే ముక్కులోంచి నెత్తికెక్కే కంపు వచ్చేది. పాత నేతచీరని రెండు పొరలుగా ఆ జిగురుతో అతికించి, పైన సుద్ద పూసి, ఆరాక అర్పా నదిలో ఏరుకొచ్చిన గులకరాయితో గంటలకొద్దీ రుద్దేది. రుద్దగా రుద్దగా ఆ చీరగుడ్డ తోలులాగా నునుపెక్కేది. బయట ఆరబెడితే బొగ్గు నుసి పడుతుందని మామ్మ మంచం కింద ఆరబెట్టేది. పగలంతా మామ్మ పొగ తగిలి ఆ గుడ్డ పసుపుపచ్చగా మారేది. ఆ రంగు చూసే కొనేవాళ్ళు "అబ్బా, ఎంత పాతదో" అని మురిసిపోయేవారని తరవాత తెలిసింది.

అత్త ఆ పని నేర్చుకున్నది ఆ ఊళ్ళోనే. మేం హాలిడే హోమ్‌లో దిగినప్పుడల్లా అందరూ సముద్రంలో గెంతుతుంటే అత్త బొమ్మలవీధిలో ఒక ముసలామె అరుగుమీద కూర్చునేది. ఆ ముసలామె మాట అత్తకి సగమే అర్థమయ్యేది. అయినా ముందు రంగులు నూరనిచ్చింది, తరవాత అంచులు నింపనిచ్చింది, మూడో వేసవికి కుంచె చేతికిచ్చింది. ఆ వీధి మొత్తానికి నిజంగా బొమ్మ వేసే మనిషి ఆమే అనుకుంటాను. ఆమె కొడుకులు టాక్సీలు నడిపేవారు. పక్కింటి చిత్రకారుడు మేడమీద గదులు కట్టి అద్దెకిచ్చాడు. ఎదురింటాయనకి కుంచె పట్టుకుని కూర్చోవడమే ఉద్యోగం. టూరిస్టు బస్సు ఆగగానే తలవంచి గీస్తున్నట్టు కూర్చునేవాడు, బస్సు వెళ్ళగానే బీడీ ముట్టించేవాడు. అతని ముందున్న బొమ్మ నేను చూసిన అన్ని వేసవుల్లోనూ అదే బొమ్మ. ఒక్క గీత కూడా పెరగలేదు. కళాగ్రామం అని వీధి మొదట్లో బోర్డు మాత్రం ఏటేటా పెద్దదయ్యేది.

గీసేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు బస్సులు దిగుతున్నారు. బజారులో అద్దాల బీరువాలతో పెద్ద బొమ్మల దుకాణం పెట్టుకున్న ఒకాయన అత్త చేతిపని చూశాడు. బిలాస్‌పూర్‌లో గీసి పంపించు, నేను అమ్మిపెడతాను అన్నాడు. పంపించడం ఎలాగ? అదే మావాళ్ళకి చేతనైన విద్య. నాన్న బొమ్మల్ని గొట్టంలా చుట్టి, గోనె కుట్టి, సాయంత్రం బండి గార్డు చేతిలో పెట్టేవాడు. ఆయన డ్యూటీ దిగేచోట ఇంకో గార్డుకి అప్పగించేవాడు, ఆయన ఇంకొకరికి. పొద్దున్నకల్లా మూట గార్డు ఉండే బ్రేక్‌వాన్‌లోంచి ఆ ఊరి ప్లాట్‌ఫారమ్ మీద దిగేది. బుకింగ్ లేదు, రసీదు లేదు. గార్డులు ఒకరి ఊరగాయలు ఒకరికి, ఒకరి పెళ్ళి శుభలేఖలు ఇంకొకరికి అలాగే చేరవేసేవారు. తప్పే. పట్టుబడితే ఉద్యోగానికి ముప్పే. కానీ కాలనీలో ఎవరూ అది తప్పనుకోలేదు, ఎవరి మూట వాళ్ళకి చేరినంతకాలం.

ఇక ఆ చేప సంగతి. తోర్వా బజారులో చేపలమ్మే ఆమె కొర్రమీనుల్ని ప్రాణంతోనే సత్తు తొట్టెలో నీళ్ళు పోసి ఉంచేది. మిగతావన్నీ మంచుగడ్డల మీద చచ్చి పడుండేవి. అత్త తన జన్మలో కదులుతుండగా చూసిన చేప అదొక్కటే. సముద్రం బొమ్మలో చేప వెయ్యాల్సొచ్చేసరికి దాన్నే వేసేసింది. మామ్మ మంచం మీంచి వంగి చూసి, నోట్లో చుట్ట తీసి మరీ నవ్వింది.

"ఓలమ్మో! సముద్రంలో కొర్రమీనేటే పారొతీ? ఉప్పునీళ్ళలో అదెలా బతుకుతాదే?"

అత్త నాలిక్కరుచుకుంది. ఆ రోజు మూట వెళ్ళిపోవాలి, మళ్ళీ గియ్యడానికి టైము లేదు. "కొనేవోళ్ళకి తెలుస్తాదేటమ్మా? ఆళ్ళు సముద్రం చూడ్డానికొస్తారు, చేపనెవులు చూస్తారు" అని చుట్టేసింది. ఎవరూ పోల్చలేదు. పైగా ఆ చేప ఉన్నదే ముందు అమ్ముడైందని దుకాణం ఆయన మా కాలనీ ఎస్‌టీడీ బూతుకి ఫోన్ చేసి చెప్పాడు. అప్పట్నించి అత్త ప్రతి బొమ్మలోనూ కావాలనే కొర్రమీనుని వేసింది. దానికి కారణం ఒకటుంది. బొమ్మ కింద పేరు రాసుకోవడానికి దుకాణం ఆయన ఒప్పుకునేవాడు కాదు. బిలాస్‌పూర్ అమ్మాయి వేసిందంటే ఎవరూ కొనరు, ఆరు తరాల చిత్రకారుల ఇంటి బొమ్మంటేనే కొంటారు అనేవాడు. "పేరు లేకపోతే పోనీ, నా చేప ఉన్నాది కదా" అనేది అత్త. అనేదే గానీ ఆ మాట అన్నప్పుడల్లా ఆమె మొహం చిన్నబోవడం నేను చూశాను. ఆ మనిషికి డబ్బు ధ్యాస లేదు, పెళ్ళి ధ్యాస కూడా పెద్దగా లేదు. అద్దాల్లో పెట్టిన ఒక్క బొమ్మ కింద తన పేరు ఉండాలి. అదొక్కటే కోరిక.

పక్క క్వార్టర్లో టీటీ గారి భార్య దమయంతి ఆంటీ ఉండేది. ఆవిడ గురించి మంచి మాట ఒకటైనా రాయాలని చాలాసేపు ఆలోచించాను, దొరకలేదు. చింతగింజలు ఉడికిన రోజున ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని మా గుమ్మంలో నిలబడేది. "ఏటమ్మా ఈ కంపు? పెళ్ళి కావాల్సిన పిల్ల వొంట నేర్చుకోవాలి గాని, ఈ బురద పనులేటి?" అనేది. అమ్మ టీ ఇచ్చేది. ఆవిడ టీ తాగి, కప్పు కింద పెట్టి, మళ్ళీ అదే మాట అనేది. టీటీ గారు భార్య వెనకాల నిలబడి తలూపేవాడు. టికెట్ లేని ప్రయాణికుల మీదా, గార్డుల మీదా మాత్రం ఆయన తలూపేవాడు కాదు, పైకి రాసి పంపేవాడు. అంచేత మూటల సంగతి ఆ ఇంటికి తెలియకుండా నాన్న పిల్లిలా తిరిగేవాడు.

ఒక చలికాలం అత్త పెద్ద బొమ్మ మొదలెట్టింది. ఈసారి పేరు పెట్టి అద్దాల్లో ఉంచుతానని దుకాణం ఆయన ఫోన్లో మాటిచ్చాడు. మాటే కదా, వాడికి పోయేదేముంది. అత్త హోళీ దాకా దాని మీదే వంగి కూర్చుంది. అన్నీ అయ్యాక కింద అంచులో తెలుగులో ఓసారి, హిందీలో ఓసారి 'పార్వతి, బిలాస్‌పూర్' అని రాసింది. రాసిన రోజున మామ్మ చేత చదివించబోయింది. మామ్మకి చదువు రాదు. "నీ పేరు నాకు సదవాలేటే, నానే కదే ఎట్టేను" అంది మామ్మ. మూట నాన్న చేతులమీదుగా వెళ్ళింది. వేసవి సెలవులకి మేమూ వెళ్ళాం, ఆ ఏడు ఖర్మకొద్దీ టీటీ గారి కుటుంబం కూడా మాతోపాటే బండెక్కింది. అత్త పెట్టెలో కొత్త చీర పెట్టుకుంది, సముద్రం కోసం కాదు.

దుకాణంలో అడుగుపెట్టగానే కనిపించింది. ఎదురుగా అద్దాల్లో పెద్ద బొమ్మ, నా కళ్ళముందు పుట్టిన బొమ్మ. కింద అంచు లేదు. పేరున్న మేరకు కత్తిరించేసి, ఫ్రేము కట్టేసి, దుకాణం స్టిక్కరు అంటించారు. అత్త అలా చూస్తూ నిలబడిపోయింది. ఈలోగా దమయంతి ఆంటీ దాని ముందుకెళ్ళి "అబ్బ! పనితనమంటే ఇదీ" అంది. దుకాణం ఆయన కథ అందుకున్నాడు. అది వాళ్ళ తాత వేసిన ఆఖరి బొమ్మట, వేస్తూ వేస్తూ కళ్ళు పోగొట్టుకున్నాడట. మా అత్త ఎవరో తెలియనట్టే మాట్లాడాడు, కళ్ళల్లోకి చూస్తూనే.

"అది నేనేసేను" అంది అత్త. గొంతు పెద్దగా లేదు, కానీ అందరికీ వినిపించింది.

దుకాణం ఆయన నవ్వాడు. "బెహన్‌జీ, ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ అంటారు, నేనూ ఇలా గీయగలనని" అన్నాడు. దమయంతి ఆంటీ నొసలు చిట్లించి, "ఏటి పార్వతీ, నలుగురిలో నవ్వులపాలవుతావు" అంది. అత్త వాళ్ళెవర్నీ చూడలేదు. తిన్నగా నాన్నవైపు తిరిగింది.

"అన్నియ్యా, నువ్వు చెప్పు. నీ చేత్తోటే కదా పంపించేవు. చెప్పు అన్నియ్యా."

నాన్న పక్కనే టీటీ గారు ఉన్నాడు, చెవులు రిక్కించుకుని. నాన్న ఒకసారి ఆయన్ని చూశాడు. తరవాత పైన తిరుగుతున్న ఫ్యానుని చూశాడు. "ఏదో సరదాకి అంటోందండీ, పదండి పదండి, బోజనాల టైమైపోయింది" అన్నాడు. అంతే. దమయంతి ఆంటీ బొమ్మ కొనేసింది. అత్త కొత్త చీరలో, వట్టి చేతులతో, మా అందరికీ ముందు నడుచుకుంటూ హాలిడే హోమ్‌కి వచ్చేసింది.

మామ్మ అక్కడ వరండాలో కూర్చుని ఉంది. సంగతంతా విని, చుట్ట తీసి పక్కన పెట్టి నాన్నని నిలేసింది. "తోడబుట్టినదాని పేరు సెప్పడానికి నీకు నోరు రానేదేట్రా? నీ ఉజ్జోగం అంత గొప్పదేట్రా?"

"సస్పెండైతే ఇంతమందికీ తిండెవులు పెడతారమ్మా? ఆ టీటీ రాసి పంపించీసేవాడు" అన్నాడు నాన్న. అది నిజమే. ఆ నిజాన్ని నేను ఈనాటిదాకా కాదనలేకపోయాను, క్షమించనూ లేకపోయాను. నాన్న ఇప్పుడు లేడు. నాకు స్కూలు ఫీజు కట్టినవాడు, జ్వరమొస్తే భుజమ్మీద వేసుకుని రైల్వే ఆసుపత్రికి పరిగెత్తినవాడు. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా కనిపించేది ఫ్యాను వైపు ఎత్తిన ఆ గడ్డమే.

అత్త మళ్ళీ కుంచె ముట్టలేదు. మిగిలిన చింతగింజలు జామచెట్టు మొదట్లో పారబోసింది, గులకరాయి మామ్మ తమలపాకుల్లోకి వక్క నలక్కొట్టుకోవడానికి పనికొచ్చింది. దమయంతి ఆంటీ మాత్రం బొమ్మని ముందుగదిలో తగిలించి, వచ్చినవాళ్ళందరికీ ముసలి తాతా, పోయిన కళ్ళూ కథ చెప్పేది. ఒకరోజు అత్తని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

"చూడు పార్వతీ, నిజమైన కళంటే ఎలా ఉంటాదో. చూసి నేర్చుకోవాలి."

అత్త తీరిగ్గా చూసింది. "బాగున్నాది వొదినా. ఆ చేపే, సముద్రం చేపలాగ లేదు" అంది.

"అచ్ఛా? నీకేటి తెలుసమ్మా సముద్రం గురించి?" అంది దమయంతి ఆంటీ.

అత్తకి తరవాత డీజిల్ షెడ్డులో ఫిట్టరుతో పెళ్ళయింది. మంచివాడు, ఉప్మాలో జీడిపప్పులు ఏరుకోలేదు. ఆ ఊరు మాత్రం అత్తని వదల్లేదు. ఆ చేప ఉన్న బొమ్మలకే గిరాకీ అని తెలిసిన దుకాణంవాళ్ళు కదా, బొమ్మలు రావడం ఆగిపోయాక ఉన్నవాటిని చూసి ఇంకెవరిచేతో గీయించారు, వాటిని చూసి ఇంకొకరు. పొలుసో మచ్చో ఎక్కడో జారిపోయింది కానీ చేప నిలబడింది. ఇప్పుడది హోటలు గోడల మీద ఉంది, ఆటోల వెనక ఉంది, తువ్వాళ్ళ మీద ఉంది. ఇసుకతో కూడా చేసి పూలు చల్లుతున్నారు. ఒక్కడికీ సముద్రం తెలియదు, చేపా తెలియదు. వందల ఏళ్ళ కళ అని మైకులో అరవడానికి మాత్రం గొంతులున్నాయి. బిలాస్‌పూర్‌ని మాత్రం నేను మెచ్చుకుంటానా అంటే అదీ లేదు. మా క్వార్టర్లు పడగొట్టేశారు, జామచెట్టు ఉన్నచోట బళ్ళు నిలుపుతున్నారు. దమయంతి ఆంటీ నెహ్రూ నగర్‌లో మేడ కట్టుకుంది, బొమ్మ అక్కడ ఇంకా వేలాడుతోందట. మామ్మ యాసలో మాట్లాడే పిల్ల కాలనీ మొత్తంలో ఒక్కతీ మిగల్లేదు. అయినా ఆ బొగ్గు నుసిలో ఒక మనిషి చీరగుడ్డని గులకరాయితో రుద్దుతూ కూర్చుంది. ఆ సముద్రపొడ్డు ఊళ్ళో అప్పటికే అందరూ ఆ పని వదిలేసి లేచారు.

గవ్వల దుకాణంలో ఫ్రిజ్‌కి అంటించుకునే బిళ్ళ ఒకటి కొన్నాను, కొర్రమీను బొమ్మది. తిరిగొచ్చాక మోప్కాలో అత్తవాళ్ళింటికి వెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. ఇప్పుడు అత్తకి జుట్టు నెరిసింది, కళ్ళజోడొచ్చింది. కూతురు పక్కన కూర్చుని హిందీలో ఏదో గునుస్తోంది. అత్త బిళ్ళని వెలుతురులోకి పట్టుకుని చూసి, "ఓలమ్మో, దీనికి రెక్కలెట్టీసేరేటే!" అని నవ్వింది. వెనక్కి తిప్పి చూసింది. దుకాణం పేరు తప్ప ఇంకేమీ లేదు. నవ్వు తగ్గింది. నేను గైడు సంగతి చెప్పాను. దేవుడు, కల, ఆరు తరాలు అన్నీ చెప్పి, మైకు లాక్కున్నానని కూడా చెప్పాను.

అత్త చటుక్కున తలెత్తింది. "మైకులోనా? అందరి ముందరా?"

"అందరి ముందరే."

"ఏటన్నావు?"

"ఈ చేప మా అత్త గీసిందని చెప్పేను."

"పేరు చెప్పేవా?"

"పేరు చెప్పేను. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరని కూడా చెప్పేను. ఎవులూ నమ్మలేదత్తా. నవ్వేరు."

అత్త లేచి వెళ్ళి బిళ్ళని ఫ్రిజ్ తలుపుకి అంటించింది, కొంచెం వంకరగా ఉందని మళ్ళీ సరిచేసింది. కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది.

"నవ్వితే నవ్వనీ" అంది. "మనింట్లో ఎవులో ఒకరు చెప్పేరు. అది చాలు, బస్."